కంప్యూటరు తెరపై అమరికను భద్రపఱచుట, మఱల నెలకొల్పుట: ఒక చారిత్రక పరిశీలనము

నేతగాడు మధ్యాహ్న భోజనమునకై మగ్గము విడిచి లేచినపుడు పడుగు సాగదీసినది సాగదీసినట్లే యుండును. నేసిన గుడ్డ నేసినంతవఱకు నిలిచియుండును. నాడె పెట్టిన చోటనే దొరకును. లెక్కలు వ్రాయు గుమాస్తా చిట్టాను మూయుచు ఆనాటి పుటలో ఒక గుర్తు నుంచి పోవును. చేతిపనులలో ఆగిన చోటినుండి పని సాగుట సహజము. వస్తువులు తమ చోటును తామే నిలుపుకొనును. కంప్యూటరు విషయ మట్టిది కాదు.

కంప్యూటరు పనిచేయునపుడు దాని తెరపై మనకు కన్పట్టునదంతయు యంత్రముయొక్క పనిజ్ఞాపకములో నుండును. విద్యుత్తు ప్రవహించుచున్నంతసేపే ఆ జ్ఞాపకము నిలుచును. మీట నొక్కి యంత్రము నాపినచో, లేక విద్యుత్తు పోయినచో, అందలి సమస్తమును మాసిపోవును. కావున నిన్న ఆగిన చోట నేడు మొదలిడవలెనన్న, ఆ చోటు ఎయ్యదియో ముందుగా డిస్కుపై వ్రాసి యుంచవలెను. మఱల తెఱచునపుడు దానిని చదివి, పూర్వమున్నట్లు తెరను తీర్చవలెను. ఈ రెండు కార్యములు ఎట్లు ప్రారంభమై ఎట్లు వృద్ధిపొందినవో పరిశీలించుట ఈ వ్యాసమున కుద్దేశము.

తెరపై అమరిక యనగా నేమి? పత్రములును పరికరములును కన్పట్టు చట్రములకు విండోలని పేరు. ఏ విండో ఎచ్చట ఎంత పరిమాణమున నున్నది, ఏది పైన ఏది క్రింద నున్నది, ఏ ఉపకరణ పట్టీలు విప్పియున్నవి, ఏవి ముడిచియున్నవి, పత్రములో కర్సరు ఏ పంక్తికడ నిలిచియున్నది, కీబోర్డు ఏ భాషలో నున్నది అనునవి యన్నియు ఈ అమరికలోనివే. ఒక్కొక్కటి చిన్న విషయమే. అన్నియు నొక్కసారి పోయినపుడుమాత్రము, వానిని తిరిగి కూర్చుకొనుటకే కొంత ప్రొద్దు చెల్లును.

యంత్రము భద్రపఱచు విషయములు మూడు తెఱగులు. మొదటిది పత్రము: మనము వ్రాసిన లేఖ, గీచిన చిత్రము, వేసిన లెక్క. రెండవది అభిరుచి: అక్షరములు ఎంత పెద్దవిగా నుండవలెను, మెనూలు ఏ భాషలో నుండవలెను అని మనము తెలిసి కోరుకొన్నది. మూడవది స్థితి: మనము కోరకయే, పని నడుమ యాదృచ్ఛికముగ ఏర్పడిన అమరిక. తాళపత్ర గ్రంథముతో పోల్చిచూచినచో పాఠము పత్రము; చదువరి దానిని ఎట్టి వ్యాసపీఠముపై నుంచి చదువగోరునో అది అభిరుచి; ఏ ఆకుకడ పుల్ల యుంచి లేచెనో అది స్థితి.

ఈ మూడింటిలో ఏది ఎవరికి చెందినది? పత్రముతోపాటు పోవలసిన దేది? యంత్రమునొద్ద నుండవలసిన దేది? మనుష్యుని వెంట నడువవలసిన దేది? ఈ ప్రశ్నలకు సరియైన యుత్తరము దొరకినచోట పని సుకరమైనది. దొరకనిచోట చిక్కులు కలిగినవి. ఈ చరిత్ర నంతటిని కూర్చు సూత్ర మిదియే.

తొలి యత్నములు

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కోర్బాటో నాయకత్వమున నిర్మింపబడిన సి.టి.ఎస్.ఎస్. అను వ్యవస్థ 1961లో తొలిసారి ప్రదర్శింపబడెను. ఒకే పెద్ద యంత్రమును పలువురు తమ తమ టైపు యంత్రములయొద్ద కూర్చుండి ఏకకాలమున వాడుకొనుటకు అది వీలు కల్పించెను. అందు సేవ్ అను ఆజ్ఞ యొకటి, రెజ్యూమ్ అను ఆజ్ఞ యొకటి యుండెను. మొదటి ఆజ్ఞ నిచ్చినచో, నడుచుచున్న ప్రోగ్రాముయొక్క జ్ఞాపకమంతయు ఉన్నదున్నట్లు ఒక ఫైలుగా డిస్కునకు చేరెడిది. రెండవ ఆజ్ఞచే ఆ ప్రోగ్రాము ఆగిన చోటినుండి మఱల నడచెడిది. అప్పటికి విండోలు లేవు. మౌసుతో పనిచేయు తెర లేదు. అయినను, పని నడుమ నాగి మఱల సాగవలెనను కోరిక మాత్రము అప్పుడే యుండెనని దీనివలన తెలియుచున్నది.

తెర, మౌసు, ఒకదానిపై నొకటి పఱచుకొను విండోలు గల యంత్రములు జిరాక్స్ సంస్థవారు 1970లో కాలిఫోర్నియాయందు స్థాపించిన పాలో ఆల్టో పరిశోధనాలయమున పెంపొందినవి. 1973లో తయారైన ఆల్టో యంత్రముపై అలాన్ కే, డాన్ ఇంగాల్స్, అడెలే గోల్డ్‌బర్గ్ ప్రభృతులు స్మాల్‌టాక్ అను వ్యవస్థను నిర్మించిరి. ఇందు స్థితిని భద్రపఱచు పద్ధతి మిక్కిలి సరళము. వ్యవస్థలోని వస్తుజాలమంతయు, అనగా విండోలు, వాని స్థానములు, సగము వ్రాసిన వాక్యములు, ప్రోగ్రాములు సైతము, ఒకే ప్రతిబింబముగా డిస్కుపై వ్రాయబడెడివి. దానికి ఇమేజ్ అని పేరు. మఱునాడు దానిని తెఱచినచో నిన్నటి తెర యథాతథముగా ప్రత్యక్షమయ్యెడిది.

ఆల్టోయందలి డిస్కు యంత్రమునుండి తీసి చేతబట్టుకొని పోదగినది. కావున తన డిస్కును వెంట గొనిపోయినవాడు తన స్థితిని సైతము గొనిపోయినవా డయ్యెను. స్థితి యంత్రమునకు గాక మనుష్యునకు చెందిన దనుటకు ఇదియొక తొలి యుదాహరణముగా గ్రహింపదగియున్నది.

అయితే ఈ పద్ధతియం దొక లోపము కలదు. అన్నియు ఒక్క ముద్దగా భద్రపఱుపబడుటచే పత్రమును, అభిరుచిని, స్థితిని, ప్రోగ్రామును విడదీయుట కష్టము. మంచితోపాటు తప్పును భద్రమగును; నేడు పొరపాటున చెడిన వస్తువు రేపును చెడియే కన్పట్టును. ఒకని పత్రమును మఱియొకనికి పంపవలెనన్న ముద్దలోనుండి దానిని ప్రత్యేకముగ వెలికి తీయవలసి యుండెను. తరువాతి కాలమువారు సర్వమును భద్రపఱచు పద్ధతి వదలి, వలసినవానిని ఏరి భద్రపఱచుటకు పూనుకొనుటకు ఇదియొక కారణము.

లీసా, మాకింటాష్

ఆపిల్ సంస్థవారు 1983 జనవరిలో లీసా అను యంత్రమును ప్రకటించిరి. దాని వెల 9,995 డాలర్లు. ఆ యంత్రముపై నున్న మీట నొక్కగానే విద్యుత్తు తటాలున తెగిపోదు. ముందుగా యంత్రము తెఱచియున్న పత్రముల నన్నిటిని డిస్కుపై భద్రపఱచి, వానిని మూసి, బల్లపై ఏవి యెచ్చట నుండెనో గుర్తుంచుకొని, పిమ్మట తన్ను తాను ఆపుకొనును. మఱల మీట నొక్కినపుడు ఆ బల్లను పూర్వపు అమరికతోనే చూపును. పని చేయువారు భద్రపఱచుట యను మాటనే తలపెట్ట నవసరము లేదు. ఈ యూహ కాలమునకు ముందు పుట్టినది. యంత్రము వెల హెచ్చగుటచే అది యెక్కువమందికి చేరలేదు.

1984లో వచ్చిన మాకింటాష్ చౌకది. దాని పనిజ్ఞాపకము 128 కిలోబైట్లు. ఫ్లాపీ డిస్కుపై పట్టునది 400 కిలోబైట్లు. ఇంత కొలది చోటులో లీసావలె సమస్తమును గుర్తుంచుకొనుట సాధ్యము కాలేదు. ఒకసారి ఒక ప్రోగ్రామే నడచెడిది. పత్రమును భద్రపఱచుట వ్రాయువాని బాధ్యత యయ్యెను. కాని ఫోల్డర్ల విండోల స్థానమును, గుర్తుబొమ్మల చోటును మాత్రము అది మఱువలేదు. 1985లో ప్రవేశపెట్టిన నూతన ఫైలు పద్ధతిలో ప్రతి ఫోల్డరునకు సంబంధించిన వివరములలోనే ఆ ఫోల్డరు విండోయొక్క నాలుగంచుల కొలతలు వ్రాసియుంచుటకు చోటు కేటాయించిరి.

దీని ఫలితము గమనింపదగినది. స్థితి డిస్కుపై నుండుటచే, ఆ డిస్కును మఱియొక మాకింటాష్‌లో నుంచినను ఫోల్డరు అదే చోట, అదే పరిమాణమున తెఱచుకొనెడిది. అలమారలో ఏ అరలో నేమి యున్నదో చేతికి తెలిసినట్లు, ఏ ఫైలు తెరపై నేమూల నుండునో కంటికి తెలిసెడిది. 2001లో వచ్చిన మాక్ ఓఎస్ టెన్ అను క్రొత్త వ్యవస్థలో ఈ వివరములు ప్రతి ఫోల్డరులోను కంటికి కానరాని యొక చిన్న ఫైలులో వ్రాయబడసాగెను. పలువురు ఒకే ఫోల్డరును పంచుకొనుచోట ఒకరి అమరిక మఱియొకరికి కన్పట్టుట దీనివలన సంభవించెను. ఫోల్డరు అందఱిది, చూచు తీరు ఎవరిది వారిది. రెంటిని ఒకేచోట నుంచుటచే వచ్చిన చిక్కు ఇది.

విండోస్ వ్యవస్థయందు

మైక్రోసాఫ్ట్ సంస్థవారి విండోస్ 1985లో వెలువడెను. దానియందు విన్ డాట్ ఐఎన్ఐ యను నొక సామాన్యమైన వ్రాతఫైలు కలదు. ప్రోగ్రాములన్నియు తమ తమ కోరికలను ఆ యొక్క ఫైలులోనే వ్రాసుకొనుచుండెను. ఊరి కంతటికి నొకే దస్తరమున్నట్లు అది నానాటికి క్రిక్కిఱిసెను. 1990లో వచ్చిన మూడవ రూపమున ప్రతి ప్రోగ్రామును తనకొక ప్రత్యేకమైన ఐఎన్ఐ ఫైలు నుంచుకొనుటకు సదుపాయము కల్పించిరి. 1992 నాటి 3.1 రూపములో, ప్రోగ్రాములను తెఱచు ప్రధాన విండోయందు సేవ్ సెట్టింగ్స్ ఆన్ ఎగ్జిట్ అను నొక మాట మెనూలో కన్పట్టెడిది. దానికి ఎదుట గుర్తు పెట్టినచో, వెడలునపుడు తెరపై నున్న అమరిక భద్రపఱుపబడెడిది. పెట్టనిచో పాత అమరికయే నిలిచెడిది. ఇచట స్థితిని గుర్తుంచుకొనుటయో మఱచుటయో పని చేయువాని యిష్టమునకే విడువబడినది.

ఐఎన్ఐ ఫైళ్లు సాధారణముగా యంత్రమునం దొకేచోట నుండుటచే, ఒక యంత్రము నిరువురు వాడుకొన్నచో వెనుక వచ్చినవాని అమరిక ముందువానిదానిని చెఱిపివేసెడిది. అనగా జ్ఞాపకము యంత్రమునదే కాని మనుష్యునిది కాదు. 1993లో విండోస్ ఎన్‌టి, 1995లో విండోస్ 95 ఈ వివరముల నన్నిటిని రిజిస్ట్రీ యను నొక క్రమబద్ధమైన భాండాగారమునకు మార్చినవి. అందు యంత్రమునకు చెందిన విభాగము వేఱు; ప్రస్తుతము పని చేయుచున్న వ్యక్తికి చెందిన విభాగము వేఱు. ఈ విభజనము ఈ చరిత్రలో నొక ముఖ్యమైన మలుపని చెప్పవచ్చును.

విండో స్థానమును గుర్తుంచుకొనుటలో నొక సూక్ష్మము కలదు. విండో తెరంతయు నిండియున్నపుడు దాని కొలతలను మాత్రము వ్రాసియుంచినచో, తరువాత దానిని చిన్నది చేయగోరినపుడు ఎంత చిన్నది చేయవలెనో యంత్రమునకు తెలియదు. విండోను దించి పట్టీలోనికి చేర్చినపుడు విండోస్ దానిని తెరకు వెలుపల మిక్కిలి దూరమున, సున్నకు ముప్పదిరెండువేల బిందువుల కీవల నుంచును. తెలియక ఆ సంఖ్యను భద్రపఱచిన ప్రోగ్రాము మఱునాడు తన విండోను కంటికి కన్పట్టని చోట తెఱచును. అందుచే విండోయొక్క సహజమైన కొలతలు, అది నిండియున్నదా దిగియున్నదా సామాన్యముగ నున్నదా యను సంగతి, ఈ రెండును వేఱువేఱుగా తెలుపు సదుపాయము విండోస్‌లోనే ఏర్పఱుపబడినది. ఉన్నదానిని ఉన్నట్లు వ్రాసినంతమాత్రమున చాలదనియు, దాని వెనుకనున్న సహజరూపమును గూడ వ్రాయవలెననియు దీనివలన విశదమగుచున్నది.

ఎక్స్ వ్యవస్థయు పరస్పర సహకారమును

మసాచుసెట్స్ సంస్థలోనే 1984లో పుట్టిన ఎక్స్ అను విండో వ్యవస్థ యూనిక్స్ యంత్రములపై వ్యాపించెను. 1994లో వెలువడిన దాని పదునొకండవ సంచిక ఆఱవ విడుదలలో ఒక క్రొత్త ఒడంబడిక చేరెను. దీని ప్రకారము సెషన్ మేనేజర్ అను నొక పెద్ద యుండును. పని ముగింపు వేళ ఆ పెద్ద తెఱచియున్న ప్రతి ప్రోగ్రామునకును నీ స్థితిని భద్రపఱచుకొనుమని కబురంపును. ప్రతి ప్రోగ్రామును తన సంగతి తాను వ్రాసుకొని, నన్ను మఱల తెఱచుట కీ ఆజ్ఞ నిమ్మని యొక వాక్యమును పెద్దకు అప్పగించును. మఱునాడు పెద్ద ఆ వాక్యముల నన్నిటిని వరుసగా నడిపించును. కె.డి.ఇ., గ్నోమ్ అను స్వేచ్ఛా సాఫ్టువేరు పరిసరములు ఈ పద్ధతిని గైకొనినవి.

ఊహ ఉత్తమమైనదే. కాని ఒక్కొక్క ప్రోగ్రామును సహకరించిననే యది నెఱవేరును. కబురును మన్నింపని ప్రోగ్రాములు పెక్కు లుండుటచే మఱునాటి తెర సగము పాతదిగా, సగము శూన్యముగా కన్పట్టెడిది. తరువాత ఎక్స్ స్థానమున వచ్చుచున్న వేలాండ్ పద్ధతిలో సామాన్యమైన ప్రోగ్రామునకు తన విండో తెరపై ఎచ్చట నున్నదో తెలియదు. దానిని తానై నిర్ణయించు అధికారమును లేదు. ఆ బాధ్యత తెరను కూర్చు వ్యవస్థకే చెందును. స్థానము ప్రోగ్రామునదా, తెరదా అను పాత ప్రశ్నకు ఇదియొక క్రొత్త యుత్తరము.

జాలదర్శినులు, లయన్ పద్ధతి

అంతర్జాలమును చూపు ప్రోగ్రాములు, అనగా బ్రౌజర్లు, జనసామాన్యమునకు ఈ విషయమును పరిచయము చేసినవి. 2006 అక్టోబరులో వెలువడిన ఫైర్‌ఫాక్స్ రెండవ రూపము, అకస్మాత్తుగ ఆగిపోయినను, మఱల తెఱచినపుడు పూర్వము చూచుచున్న పుటలను తిరిగి తెచ్చు సదుపాయముతో వచ్చెను. ఇందులకై అది ముగింపువేళ కొఱకు వేచియుండక, పని నడుచుచుండగనే కొన్ని క్షణముల కొకసారి స్థితిని డిస్కుపై వ్రాయుచుండును. అపాయము చెప్పి రాదు గదా. ఇచట మఱియొక యిబ్బంది తలయెత్తెను. ఏ పుట దోషమువలన బ్రౌజరు కూలెనో, ఆ పుటనే తిరిగి తెఱచినచో మఱల కూలును. అందుచే పదేపదే కూలినపుడు అది పుటల పట్టికను చూపి, వీనిలో ఏవి తెఱువవలెనని యడుగునట్లు తీర్చిరి. పునరుద్ధరణమునందు అడిగి చేయవలసిన సందర్భ మొకటి కలదని ఇందువలన తెలిసెను.

2011 జూలైలో ఆపిల్ వారు లయన్ అను మాక్ ఓఎస్ టెన్ 10.7 రూపమును వెలువరించిరి. అందు పునరుద్ధరణమును వ్యవస్థ యంతటికిని సామాన్య ధర్మముగా చేసిరి. దానికి వారు పెట్టిన పేరు రెజ్యూమ్. సి.టి.ఎస్.ఎస్. లోని ఆజ్ఞకును అదే పేరు. నడుమ గడచినది అర్ధశతాబ్దము. పత్రములు తమంతట తామే భద్రమగుట, వాని పూర్వరూపములు నిలుచుట అనునవియు అప్పుడే వచ్చినవి. లీసాయందు 1983లో మొలకెత్తిన యూహ ఇరువది యెనిమిది సంవత్సరములకు సర్వులకును అందుబాటయ్యెను.

అందఱును దీనిని మెచ్చలేదు. నిన్న నొకరు చూచుచున్న సొంత పత్రము నేడు సభలో పెద్ద తెరపై అందఱి యెదుట తెఱచుకొనినచో ఆ జ్ఞాపకము మేలు చేసిన దనరాదు. కావున ఈ సదుపాయమును మాన్పుటకు సెట్టింగులలో నొక ఏర్పాటును, వెడలునపుడు విండోలను మఱల తెఱువవలెనా యని యడుగు ప్రశ్నయు నుంచిరి. జ్ఞాపకముంచుకొనుట యెంత యవసరమో, కోరినపుడు మఱచుటయు నంత యవసరము.

పునరుద్ధరణ ధర్మములు

ఇంతవఱకు వివరించిన యనుభవములనుండి ఈ రంగమువారు కొన్ని నియమములను గ్రహించిరి. వానిలో ముఖ్యమైనవి నాలుగు.

మొదటిది: పాత స్థితిని క్రొత్త పరిసరమునకు తగినట్లు సరిచూడవలెను. నిన్న రెండు తెరలున్న యంత్రమున నేడొకటియే యుండవచ్చును. విండోస్ వ్యవస్థలో 98 రూపము ఒక యంత్రమునకు పెక్కు తెరలను జోడించుటకు వీలు కల్పించినది. రెండవ తెరపై నుంచిన విండోను, ఆ తెర తీసివేసిన పిమ్మట, అదే సంఖ్యల ప్రకారము తెఱచినచో అది శూన్యమున తెఱచుకొనును. ఆ చోటు నేడు గలదా యని ముందుగా విచారించి, లేనిచో ఉన్న తెరపైకి దానిని తేవలెను.

రెండవది: వ్రాతను మధ్యలో తెగకుండునట్లు వ్రాయవలెను. పాత ఫైలుపైననే క్రొత్తదానిని వ్రాయుచుండగా విద్యుత్తు పోయినచో రెండును చెడును. వేఱొక ఫైలులో సంపూర్ణముగ వ్రాసి, అది డిస్కునకు చేరిన పిమ్మట పేరు మార్చి పాతదాని స్థానమున నిలుపుట క్షేమము.

మూడవది: వ్రాసిన స్థితికి సంచిక సంఖ్య యుండవలెను. ప్రోగ్రాము మాఱినపుడు పాత వ్రాత దానికి పొసగకపోవచ్చును. నార్వేలో పుట్టిన క్యూట్ అను ఉపకరణ సంచయమున ఉపకరణ పట్టీల స్థితిని వ్రాయునపుడు ఒక సంఖ్యను జతపఱుపవచ్చును. చదువునపుడు ఆ సంఖ్య సరిపోలనిచో వ్యవస్థ ఆ స్థితిని వదలి, విండోను ఉన్నట్లే యుంచును. అందే మఱియొక నియమము గలదు: ప్రతి పట్టీకిని తనదైన పేరుండవలెను. పేరు లేనిదానిని తిరిగి దాని చోటికి చేర్చుట సాధ్యపడదు.

నాలుగవది, అన్నిటికన్న ముఖ్యమైనది: పత్రము, అభిరుచి, స్థితి అను మూడింటిని వేఱువేఱు తావుల నుంచవలెను. లినక్సు మున్నగు వ్యవస్థలకొఱకు 2003లో ఏర్పడిన యొక ప్రమాణపత్రము అభిరుచులకు నొక చోటు, సమాచారమునకు నొక చోటు, పోయినను నష్టము లేని తాత్కాలిక వ్రాతలకు నొక చోటు నిర్ణయించెను. స్థితికి మాత్రము ప్రత్యేకస్థానము 2021లోగాని లభింపలేదు. మనుష్యుడు కోరుకొన్నదియు, పని నడుమ ఏర్పడినదియు వేఱని అంగీకరించుటకు ఇంతకాలము పట్టెను.

భాషయు స్థితియే

ఈ చరిత్ర మనవంటివారికి ఏ విధముగ సంబంధించునో ఇక చెప్పవలసియున్నది. కీబోర్డు ఏ భాషలో నున్నది అనునదియు తెరపై అమరికలో నొక భాగమని మొదటనే పేర్కొంటిని. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములకు వెలుపల తరతరములుగా నివసించు తెలుగువారికి ఇది చిన్న విషయము కాదు.

1991లో వెలువడిన యూనికోడ్ తొలి సంచికలోనే తెలుగు లిపికి స్థానము లభించెను. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పి తెలుగు కీబోర్డును, గౌతమి యను ఖతిని వ్యవస్థలోనే చేర్చుకొనెను. అక్షరము లభించుట యొకటి. యంత్రము తెఱచినపుడు ఆ అక్షరమే సిద్ధముగ నుండుట మఱియొకటి. భాషయందును మూడు తెఱగులు కలవు. వ్రాసిన వాక్యము తెలుగుదని తెలుపు గుర్తు పత్రములోనే యుండును. పత్రము ఎచ్చటికి పోయినను అది వెంట పోవును. మెనూలు ఏ భాషలో కన్పట్టవలెననునది అభిరుచి. అది వ్యక్తియొక్క ఖాతాలో నుండును. ఈ క్షణమున కీబోర్డు ఏ భాషలో నున్నదనునది స్థితి. దీనికి స్థిరమైన చోటు లేదు. విండోస్‌లో తొలుత ప్రతి విండోయు తన కీబోర్డు భాషను తాను గుర్తుంచుకొనెడిది. 2012 నాటి విండోస్ 8 మొదలు, వేఱుగ కోరిననే తప్ప, అన్ని విండోలకును ఒకే భాష వర్తించును.

కర్ణాటకమునందో, తమిళనాటనో, ఒడిశాలోనో ఒక పాఠశాలను తలచుకొనుడు. అందలి కంప్యూటరు గదిలో యంత్రములకు సాధారణముగా నొకే ఖాతా. ముందు పిరియడులో రాష్ట్రభాషా విద్యార్థులు కూర్చుండి పోయిరి. తరువాత మన తెలుగు తరగతి పిల్లలు వచ్చి కూర్చుందురు. యంత్రము ముందు తరగతివారి స్థితిని నమ్మకముగ నిలుపుకొనియున్నది. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో భారతీయ లిపుల కన్నిటికిని ఒకే ధ్వనికి ఒకే మీట. కావున క కారపు మీటను నొక్కిన తెలుగు బిడ్డకు కన్నడదేశమున కన్నడ క కారము పడును. ఆ రెండు లిపులు అప్పచెల్లెండ్ర వంటివి గనుక చిన్నపిల్లలు కొన్ని పంక్తులు వ్రాసినదాక తేడాను గమనింపరు. కాని యంత్రమునకు అవి పూర్తిగా వేఱు. యూనికోడ్‌లో తెలుగు క సంఖ్య 3093. కన్నడ క సంఖ్య 3221. అట్లు వ్రాసిన పదమును తరువాత తెలుగులో వెదకినచో దొరకదు.

తెలుగునకు దినమున కొక పిరియడు మాత్రమే దొరకు పాఠశాలలో, ఆ కొలది వేళలో కొంత కీబోర్డును సరిచేయుటకే పోవుట సామాన్య నష్టము కాదు. అంతకు మించిన నష్ట మొకటి యున్నది. ప్రతిదినము తన భాషను వెదకి తెచ్చుకొనవలసివచ్చిన బిడ్డకు, ఈ యంత్రము తనవారికొఱకు చేసినది కాదను తలంపు కలుగును. ఇందు ఎవరి దురుద్దేశమును లేదు. వ్యక్తికి చెందవలసిన జ్ఞాపకము యంత్రమునకు చెందియుండుటయే దీనికి మూలము. యంత్రమునకు ఒక్క జ్ఞాపకమే యున్నచో అందు నిలుచునది అధికసంఖ్యాకుల భాషయే.

దీనికి పరిష్కారము మన చేతిలోనే యున్నది. విశేషమైన వ్యయమును లేదు. తెలుగు తరగతికి ప్రతి యంత్రముపైనను ప్రత్యేకమైన ఖాతాను తెఱచి, అందు తెలుగు కీబోర్డును మొదటిదిగ నుంచినచో, ముందు తరగతివారి స్థితి వారి ఖాతాలోను, మనది మన ఖాతాలోను నిలుచును. యంత్రమును పర్యవేక్షించు అధికారి ఒక ఖాతాయందలి భాషా ఏర్పాట్లను ఇకపై తెఱవబోవు ఖాతాల కన్నిటికిని వర్తించునట్లు చేయుటకు విండోస్‌లో సదుపాయము కలదు. స్థానిక భాషకు దీనివలన ఏ లోపమును రాదు; వారి అమరిక వారికే యుండును. మన సంఘముల కార్యాలయములలో సభ్యుల పట్టికలు, సంచికలు తెలుగులో కూర్చువారికిని ఈ యుపాయమే పనికివచ్చును.

రాజ్యాంగమున 1956లో చేర్చబడిన 350-ఏ అధికరణము భాషా అల్పసంఖ్యాక వర్గముల బాలబాలికలకు ప్రాథమికదశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములకు విధించుచున్నది. ఆనాడు సౌకర్యములనగా ఉపాధ్యాయుడు, పుస్తకము, గది. బిడ్డ కూర్చుండగనే తన లిపిని చూపు యంత్రమును నేడు వానిలో నొకటిగ నెంచుట న్యాయము.

ఉపసంహారము

1961 నుండి నేటివఱకు నడచిన ఈ చరిత్రలో యంత్రము మొదట అన్నిటిని ఒక్క ముద్దగా గుర్తుంచుకొనెను. పిదప చోటు చాలక కొన్నిటినే గుర్తుంచుకొనెను. ఆ పిమ్మట ఏది పత్రమునకు, ఏది యంత్రమునకు, ఏది మనుష్యునకు చెందునో క్రమముగ వేఱు చేసికొనసాగెను. ఈ విభజన మింకను పూర్తి కాలేదు. విండోల స్థానము మాఱినచో ఒక నిమిషమున సరిదిద్దుకొనవచ్చును. భాష విషయమునమాత్రము అది వ్యక్తికి చెందినదని గట్టిగ నిర్ణయించి, ఆ ప్రకారము యంత్రములను తీర్చి యుంచవలెను. మన పాఠశాలల నిర్వాహకులును, సంఘముల పెద్దలును రాబోవు విద్యాసంవత్సరములో తమ తమ కంప్యూటరు గదులయందు ఈ చిన్న ఏర్పాటును గావింతురని ఆశించుచున్నాను.